తలకిందులైన దువ్వెనలు

చివరి ముద్ర వేసి, ముద్ర చెక్కిన సొరబుర్ర ముక్కను రంగు పళ్ళెం అంచున బోర్లించి, రెండు చేతులూ నడుం మీద ఆనించి వెనక్కి వంగిన తరవాత గానీ బిరాగో చూసుకోలేదు. సగం గుడ్డ మీద దువ్వెనలు తలకిందులుగా పడ్డాయి. బల్లకు ఈ వైపున ఉన్న వరసల్లో గుండ్రటి పిడి పైకి, పొడుగాటి పళ్ళు కిందికి, ఎప్పుడూ ఉండవలసినట్టే ఉన్నాయి. ఆ వైపు వరసల్లో మాత్రం పళ్ళు ఆకాశం వైపు లేచి ఉన్నాయి. ఒకటో రెండో అయితే పూవో గీతో కలిపి కప్పేసేది. ఒకటీ రెండూ కాదు, తొమ్మిది వరసలు. తడి ఇంకా ఆరలేదు, నల్లగా మెరుస్తోంది, మెరుస్తూనే లోపలికి ఇంకుతోంది. బాదియె చెట్టు బెరడు రంగు ఒకసారి నూలులోకి దిగాక దాన్ని బయటికి రప్పించిన వాళ్ళు ఈ న్తొన్సో ఊళ్ళో ఎవరూ లేరు. ఆమెకు కోపం రావాలి, రాలేదు. ఏడుపైనా రావాలి, అదీ రాలేదు. కూర్చోవాలని మాత్రం అనిపించింది. పీట లాక్కుని కూర్చుంది. షెడ్డు నీడ ఇంకా బల్ల కాలి దగ్గరే ఉంది. అది గుంజ దాకా వస్తే మూడు గంటలు. మూడింటికి వాళ్ళు వస్తారు, పోయిన భర్త తరఫు వాళ్ళు, ఇంటిపెద్దతో సహా. ఏడాదిగా ఒంటి మీద ఉన్న నల్లగుడ్డ విప్పించి ఈ తెల్లగుడ్డ కట్టుకోమంటారు, అందరి ముందూ ఆమెను ఒక మాట అడుగుతారు. అడగబోయే మాట ఆమెకు తెలుసు. చెప్పవలసిన మాటే ఇంకా తెలియదు.

ఎలా జరిగిందో ఆలోచిస్తే తెలిసిపోతూనే ఉంది. బల్లకు ఇవతల నిలబడి సగం వేసింది. అప్పటికి ఎండ మెడ మీదికి వచ్చింది, కుడి మోకాలు లోపల ఎవరో మేకు దిగేసినట్టు ఉంది, అవతలి వైపు నీడ ఉంది. నీడలోకి వెళ్ళింది. మనిషి అటు తిరిగినప్పుడు చేతిలో ముద్ర కూడా తిరగాలి. ఇక్కడ పదేళ్ళ పిల్లకైనా తెలిసిన సంగతి అది. వెనక పిడిగా మూడు పుల్లలు కలిపి కట్టిన ముద్ర ఎటు పట్టుకున్నా చేతికి ఒకేలా ఉంటుందని, భర్త ద్వొమో ప్రతి ముద్రకూ పై వైపు ఎర్రదారం చుట్టేవాడు. ఈ ముద్రకూ చుట్టాడు. ఆ దారం ఎప్పుడు ఊడిపోయిందో. ఊడిపోయిన వాటిని మళ్ళీ చుట్టుకోవలసింది తనే అని ఎవరూ చెప్పలేదు, చెప్పకపోయినా తనకు తెలియాలి. ముందు గీతలు వేసేటప్పుడు కూడా మనసు అక్కడ లేదు. రంగులో ముంచిన చెక్క దువ్వెనతో గుడ్డ పొడుగునా గళ్ళు గీసుకుని, ఆ గళ్ళలో ముద్రలు వేయాలి. ఆ గళ్ళ దువ్వెన అసలు పని కోసం చేసింది కాదు, ఆమె సొంతది, తల దువ్వుకునేది. ద్వొమోకు పక్షవాతం వచ్చిన ఏడు పని దువ్వెన రెండుగా విరిగింది. మర్నాటికి ఎవరి పెళ్ళికో గుడ్డ ఇవ్వాలి. లోపలికి వెళ్ళి తన దువ్వెన తెచ్చి రంగులో ముంచింది. ఈ ఒక్క గుడ్డకే అనుకుంది. ఏడేళ్ళయింది. దాని పళ్ళు ఇప్పుడు తారు పూసినట్టు నల్లగా ఉన్నాయి, మధ్యలో ఒకటి అరిగి కురచైంది. పనిలోకి వెళ్ళిన దువ్వెన మళ్ళీ తలకు రాలేదు. ఇంకోటి కొనుక్కోవచ్చు. బజారులో ప్లాస్టిక్‌వి గుట్టలుగా పోసి అమ్ముతారు. కొనాలని గుర్తొచ్చిన రోజున బజారుకు వెళ్ళలేదు, బజారుకు వెళ్ళిన రోజున గుర్తు రాలేదు.

పక్క షెడ్డులో రోకళ్ళు ఆగాయి. రెండు రోకళ్ళు ఒకదాని తరవాత ఒకటి బెరడు మీద పడుతున్నంతసేపూ వినపడవు, ఆగితేనే వినపడతాయి. ఆజెయ్ వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు, మొలగుడ్డకు చేతులు తుడుచుకుంటూ. ముద్రలు చెక్కే ముసలాడు, ద్వొమోకు చిన్నప్పటి స్నేహితుడు. గుడ్డ ఈ చివరి నుంచి ఆ చివరికి చూశాడు, మళ్ళీ ఆ చివరి నుంచి ఈ చివరికి చూశాడు.

"ఏం చెల్లెమ్మా, జుట్టు పాదాల నుంచి మొలిచే ఆడవాళ్ళు ఎవరన్నా పురమాయించారా దీన్ని?"

"నాదే అన్నా. నా గుడ్డే."

"నీదా?" నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. "ఇవాళ కట్టేదా?"

"ఆఁ."

"మీ వదిన సర్పోమా చూస్తే చంపేస్తుంది."

"చంపనీ. పడుకోవచ్చు."

 అతను పోతూ పోతూ, మడతలో పెట్టి కట్టుకో, బాగున్న సగం పైకి వస్తుంది, చెడ్డ సగం లోపలికి పోతుంది, రెండు మెతుకులు ఎక్కువ తిన్నదానిలా నడువు, ఎవరు చూడొచ్చారు, అని చెప్పి వెళ్ళాడు. రోకళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. మడతలో పెట్టి కట్టుకోవచ్చు. నిజమే. ఏదైనా మడతలో పెట్టి కట్టుకోవచ్చు. ఏడేళ్ళుగా ఆమె చేస్తున్నది అదే కదా. బెరడు కాస్తున్న కాగు కింద కట్టె జారింది, లేచి ఎగదోయాలి, లేవలేదు. బెరడు వాసన పొగలో కలిసి వస్తోంది, తడి ఇనుము వాసన, వర్షం వెలిసిన తరవాత చెట్టు మొదట్లో వచ్చే వాసన. పెళ్ళయిన కొత్తలో ఆ వాసనకు తల తిరిగేది. ఇప్పుడు ఆమె చెమటే ఆ వాసన.

గుడ్డ తెచ్చింది సర్పోమానే. రెండు వారాల కిందట, ఆదివారం చర్చి అయ్యాక, ఆ పెద్ద టోపీ తియ్యకుండానే వచ్చింది. ద్వొమోకు అక్క. ఇక్కడ మొగుడి అక్కనూ మొగుడే అంటారు, నవ్వులాటకీ అంటారు, నిజానికీ అంటారు. గుమ్మంలోంచే, "మొగుడొచ్చాడు, నీళ్ళు ఇవ్వవేం?" అంది. నీళ్ళు ఇచ్చింది. తాగి, సంచీలోంచి కొత్త తెల్లగుడ్డ తీసి ఒళ్ళో పెట్టింది, బరువైన గుడ్డ, మంచి నేత.

"దీని మీద ఇంకే ముద్రా వద్దు. దువ్వెన ఒక్కటే వెయ్యి. దువాఫె. ఏం, మా తమ్ముడి శవం దగ్గర ఇంటిపెద్ద ఏమన్నాడో గుర్తుందా? ఈ ఊళ్ళో దువ్వెన అంటే ఏమిటో తెలియకపోతే బిరాగోను చూడండి అన్నాడు. ఓర్పు, శుభ్రం, ప్రేమ, అన్నీ నువ్వే అన్నాడు. అంతమంది విన్నారు."

"విన్నాను వదినా."

"వినడం కాదు. నిలబెట్టుకోవాలి." సర్పోమా గొంతు తగ్గించింది. "పోకువా పిన్ని సంగతి నీకు తెలుసు. తుంటి విరిగి నాలుగు నెలలు. లేవలేదు. నా వల్ల కావడం లేదు, నా నడుం సంగతి నీకు తెలుసు. నువ్వు ఇక్కడే ఉండు. ఈ ఇల్లు మాది, మా వంశానిది, తెలుసు, అయినా ఎవరూ నిన్ను లేవమనరు. షెడ్డూ నీదే. ముసలామెను ఇక్కడికి తెచ్చి పెడతాం. నీకు అలవాటే కదా."

అలవాటే. ఆ మాట అప్పటి నుంచి ఎక్కడికీ పోలేదు, పంటి సందులో ఇరుక్కున్న పీచులా ఉంది. అలవాటే. ఆరేళ్ళు. కుడి చెయ్యి, కుడి కాలు, నోట్లో కుడి సగం, అన్నీ పడిపోయాయి. పొద్దున ఒళ్ళు తుడవడం, జావ పట్టడం, జారిన జావ మళ్ళీ తుడవడం, ఈ పక్కకు తిప్పడం, రెండు గంటలకు ఆ పక్కకు తిప్పడం, తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుంది. మధ్యలో వచ్చి బల్ల దగ్గర నిలబడి అతను వేయవలసిన ముద్రలు తను వేయడం. అతను లోపల మంచం మీద పడుకుని, ఎడమ చేత్తో మంచం పట్టె మీద తాళం కొట్టేవాడు. ముద్ర పడే చప్పుడు వింటూ, వరస తప్పితే పట్టె మీద రెండు సార్లు కొట్టేవాడు. మంచి పనివాడు. మంచి మనిషి కూడా, కోపం లేనప్పుడు. ఇవాళ వరస తప్పితే కొట్టేవాళ్ళు లేరు, అందుకే తొమ్మిది వరసల దాకా పోయింది. అతను పోయి ఏడాది నిండినా రెండు గంటలకోసారి ఆమెకు మెలకువ వస్తుంది. ఎవరినీ తిప్పక్కర్లేదు. అయినా లేచి కూర్చుంటుంది, చేతులు ముందుకు చాపి, ఎవరి భుజమో కింద చెయ్యి పెట్టబోతూ. పక్క ఖాళీ. అప్పుడు తనే ఇటు నుంచి అటు తిరిగి పడుకుంటుంది. పోకువాను తెస్తే ఆ మెలకువకు పని దొరుకుతుంది. అది కూడా ఒక సుఖమే, మేల్కొన్నందుకు ఒక కారణం ఉండడం. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆమెకు తన మీద తనకే భయం వేసింది.

ఫోను మోగింది. రంగు చేతులతోనే ఎత్తింది. కూతురు తివా, కుమాసి నుంచి. వెనక బజారు హోరు, ఎవరో టమాటాలు టమాటాలు అని అరుస్తున్నారు.

"అమ్మా, కట్టుకున్నావా? ఫొటో పెట్టు."

"ఇంకా ఆరుతోంది."

"తల దువ్వుకో. ఆ నల్ల రుమాలుతోనే కూర్చోకు. నేను పంపిన వెన్న రాసుకున్నావా?"

"రాసుకున్నాను," అంది. రాసుకోలేదు. తివా షియా గింజల వెన్న డబ్బాల్లో పోసి అమ్ముతుంది. మూత మీద దువ్వెన బొమ్మ, కింద రెండు ముక్కలు రాసి ఉంటాయి, ఈ పూట నీది అని. ఉద్యోగాలు చేసే ఆడపిల్లలు తెగ కొంటారట. అమ్మా, ఈ రోజుల్లో ఆడవాళ్ళు తమను తాము చూసుకోవడం నేర్చుకుంటున్నారమ్మా, అది స్వార్థం కాదు, అని పోయిన నెలలో వచ్చినప్పుడు చెప్పింది, చెబుతూ చెబుతూ బల్ల మీద తల పెట్టుకుని నిద్రపోయింది. వేలి గోళ్ళ కింద వెన్న పేరుకుని ఉంది. కళ్ళ కింద, ముప్ఫై రెండేళ్ళకే, తనకు యాభైలో వచ్చిన నలుపు. రోజుకు నాలుగు గంటలు పడుకుంటుంది, ఈ పూట నీది అని డబ్బాలకు అంటించడానికి.

"నువ్వు ఏమన్నా తిన్నావా?" అంది బిరాగో.

"తింటాను. అమ్మా, వాళ్ళకు ఏం చెబుతావు?"

లారీ ఒకటి మాంపాంగ్ రోడ్డు మీద హారను కొట్టుకుంటూ పోయింది. అది పోయేదాకా ఆగింది. పోయింది. ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"కట్టుకోవాలి, ఉంటాను," అని పెట్టేసింది.

పోకువా చెడ్డ ముసలి అయితే ఎంత బాగుండేది. చెడ్డది కాదు. బిరాగో మొదటి కాన్పులో పక్కన కూర్చుని, మూడు రోజులు వండుకోవడానికైనా తన ఇంటికి వెళ్ళని మనిషి. నాలుగు రోజుల కిందట చూడడానికి వెళితే, మంచం మీంచి చెయ్యి పట్టుకుని, నీ చెయ్యి చల్లగా ఉంటుందే, సర్పోమా చెయ్యి చూడు, పెనం, అంది. సర్పోమా ఆ పక్కనే నిలబడి దుప్పటి మడత పెడుతోంది. విననట్టే మడత పెట్టింది. ఆ దుప్పటి రోజుకు మూడుసార్లు మారుస్తుంది. పోకువా కూతురికి ఆరు నెలలుగా సముద్రం పక్క ఊళ్ళో ఉద్యోగం, కొడుకులు ముగ్గురు ఇదే ఊళ్ళో, మేనల్లుళ్ళు నలుగురు, అందరూ మగవాళ్ళు, అందరూ వస్తారు, గుమ్మంలో నిలబడి ఎలా ఉంది అని అడుగుతారు, గట్టి గొంతులతో. సర్పోమా నడుం నిజంగానే పోయింది, బిరాగోకు తెలుసు, ఆ నడక చూస్తే తెలుస్తుంది, ఒక నడుం నొప్పి ఇంకో నడుం నొప్పిని గుర్తు పడుతుంది. అందుకే కాదనడం కష్టం. సర్పోమా అడుగుతున్నది తన కోసం. సర్పోమా తప్పించుకుంటే బిరాగో, బిరాగో తప్పించుకుంటే సర్పోమా, మధ్యలో ఆ చల్లటి చేతుల కోసం ఎదురుచూసే ముసలమ్మ. ఈ లెక్కలోకి మగవాళ్ళు ఎక్కడ నుంచి రావాలో ఎవరికీ తెలియదు, అసలు వాళ్ళకు ఒక తోవ ఉందని కూడా ఎవరూ అనుకోలేదు.

అమ్మమ్మ అయితే ఏమనేది. అమ్మమ్మ పొద్దున్నే గోడ వైపు తిరిగి పీట మీద కూర్చునేది, గుడ్డ చంకల కిందికి బిగించి, చెక్క దువ్వెన చేత్తో పట్టుకుని. అప్పటికి వాకిట్లో పిల్లలు ఏడుస్తుంటారు, మొక్కజొన్న కెంకె మూట విప్పమని ఒకరు, గాజు ముక్క గుచ్చుకుందని ఒకరు, రోకలి అరువు అడుగుతూ పొరుగావిడ. అమ్మమ్మ తిరిగేది కాదు. "నన్ను పిలవకండి, నేనింకా ఇంట్లో లేను" అనేది గోడతో. ఒకసారి ఎవరో వగర్చుకుంటూ వచ్చి, మేక కర్రపెండలం తోటలో పడింది అన్నారు. అమ్మమ్మ పాయ తీసి, చిక్కు తీసి, ఆ పాయ పూర్తి చేసి, "తింటూ ఉండమను, వస్తున్నాను" అంది. మేక సగం మడి తినేసింది. అమ్మమ్మ తల మాత్రం ఆ రోజూ నిగనిగలాడింది. ఆ ఇంట్లో అన్నీ అరువు పోయేవి. రోకలి పోయేది, కుండ పోయేది, పీట పోయేది, చావు గుడ్డలు కూడా పోయి తిరిగి వచ్చేవి. దువ్వెన ఒక్కటి పోయేది కాదు. సొంత చెల్లెలు అడిగినా ఇచ్చేది కాదు. మనిషి మంచిదే, పిసినారి కాదు. ఎందుకివ్వవు అని చిన్నప్పుడు బిరాగో అడిగింది. "ఇది పని వస్తువు కాదే పిచ్చిదానా" అంది. ఆ జవాబు అప్పుడు అర్థం కాలేదు. అర్థం కాకపోయినా పోలేదు, ఇన్నేళ్ళూ ఎక్కడో ఉంది. ఇవాళ బల్ల మీద నల్లబడి పడి ఉన్న తన దువ్వెన వైపు చూస్తూ కూర్చుంటే వచ్చింది. అమ్మమ్మ చూస్తే తిట్టేది కాదు. గోడ వైపు తిరిగిపోయేది.

అమ్మమ్మ ఇల్లు ఇప్పటికీ అసొనొమసోలో ఉంది. అది తల్లి వైపు నుంచి వచ్చే తమ వంశానిది, తనది కూడా, ఎవరూ కాదనలేరు. మొన్న మేనమామకు ఫోను చేసి గది ఖాళీగా ఉందా అని అడిగింది. పెండలం దుంపలు పోశాం, అన్నాడు ఆయన. కాసేపాగి, దుంపలకు కాళ్ళు లేవు గానీ ఎత్తి బయట పెట్టొచ్చులే, అన్నాడు. ఎందుకని అడగలేదు. ఇరవై నాలుగు మైళ్ళ దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది ఆ మాట, నిజానికి నడిస్తే గంట. షెడ్డు ఉండదు అక్కడ. బల్ల ఉండదు. ముప్ఫై ఆరేళ్ళుగా కాచిన కాగు ఉండదు, అది వీళ్ళది. ఈ గుంజలు పాతింది ద్వొమో, పట్టుకుని నిలబడింది తను, అయినా వీళ్ళవి. కాదంటే ఇవన్నీ పోతాయి. అవునంటే ఇవన్నీ ఉంటాయి, తనే ఉండదు. ఎంత సేపు తూచినా త్రాసు ఒక వైపుకు మొగ్గదు, ఎందుకంటే తూచేది కూడా అలిసిన చెయ్యే.

నీడ గుంజను తాకింది. ఆమె లేచింది. ముద్రలు ఆరాయి, చేత్తో ముట్టి చూసింది, అంటలేదు. గుడ్డను బల్లకు బిగించిన మేకులు ఒక్కొక్కటే ఊడదీసింది. గదిలోకి వెళ్ళి నల్లగుడ్డ విప్పి మూల వేసింది. అది పడిన చోట మనిషి కూలబడినట్టు పడింది. నీళ్ళు పోసుకుంది. తల మీది రుమాలు తీస్తే, భర్త పోయిన నాడు గొరిగాక పెరిగిన ఏడాది జుట్టు చేతికి తగిలింది, వేలెడు పొడుగున, చిక్కుపడి, ఉన్నిలా. అద్దంలో చూస్తే ముందు వైపు తెల్లబడింది. ఎప్పుడు తెల్లబడిందో తెలియదు. రుమాలు కింద జరిగిన సంగతి. వేళ్ళతో చిక్కు తీయబోయింది, నొప్పి పుట్టి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వదలలేదు. ఒక పాయ, ఇంకో పాయ. బయట కుర్చీలు వేస్తున్న చప్పుడు, సర్పోమా గొంతు, కుర్రాళ్ళను తిడుతూ, నీడలో వెయ్యండ్రా, ఎండలో పెద్దవాళ్ళను వేపుతారా అని. ఇంకో పాయ. నన్ను పిలవకండి. ఎవరో పిలిచారు, బిరాగో, అయిందా. ఇంకో పాయ.

తరవాత గుడ్డ తీసి నడుముకు చుట్టింది. ఆజెయ్ చెప్పినట్టు బాగున్న సగం పైకి రావాలి, చెడ్డ సగం లోపలికి పోవాలి, అనుకునే చుట్టింది. కానీ చేతులు ఎత్తి పట్టుకోలేక చుట్టు జారింది, మళ్ళీ చుట్టింది, మళ్ళీ జారింది, మూడోసారి ఎలా పడితే అలా బిగించి కొస దోపింది. కిందికి చూసుకుంది. తలకిందుల సగమే ముందుకు వచ్చింది. విప్పాలి. విప్పబోయి ఆగింది. తన ఎత్తు నుంచి, తన కళ్ళతో కిందికి చూస్తే దువ్వెనలు సరిగ్గానే ఉన్నాయి. పిడి పైకి, పళ్ళు కిందికి, ఒకదాని పక్కన ఒకటి, అన్నీ తన వైపే. ఎన్ని గుడ్డల మీద ఎన్ని వందల దువ్వెనలు వేసింది. అన్నీ ఎదురుగా నిలబడి చూసేవాళ్ళ కోసం నిటారుగా నిలబడినవే, కట్టుకున్న ఆడది వంగి చూసుకుంటే ప్రతి దువ్వెనా తలకిందులే. ఒక్కరూ ఎప్పుడూ అనలేదు. తనకూ తోచలేదు. ఆమె కొస ఇంకొంచెం లోపలికి దోపి బయటికి నడిచింది.

కుర్చీలు రెండు వరసలు. ఒక వరసలో భర్త వంశం వాళ్ళు, ఇంటిపెద్ద మధ్యలో. ఎదుటి వరసలో ఆమె తరఫున మేనమామ ఒక్కడే, పక్కన ఖాళీ కుర్చీలు. నడుమ బాఫో నిలబడి ఉన్నాడు. బాఫో ఈ ఊళ్ళో మాట అందించే మనిషి. పెద్దల ముందు ఎవరూ ఎవరితోనూ నేరుగా మాట్లాడరు, అడిగేవాళ్ళు బాఫోతో చెబుతారు, బాఫో దాన్ని కడిగి, తుడిచి, పూలు పెట్టి అవతలి వాళ్ళకు అందిస్తాడు. ఉప్పు అడిగి రమ్మంటే సముద్రాన్ని పొగిడి వచ్చే మనిషి. ఆమె వస్తుంటే అందరి కళ్ళూ గుడ్డ మీద పడ్డాయి. సర్పోమా నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది, పెద్దల ముందు అరవకూడదు గనక. పక్కనున్న ఆడవాళ్ళకు వినపడేలా మాత్రం, "కళ్ళు పోయాయా దీనికి" అంది.

ముందు సారా నేల మీద పోశారు, పోయినవాళ్ళ పేర్లు చెప్పారు, ద్వొమో పేరూ చెప్పారు. ఆ పేరు వినగానే ఆమెకు ఎడమ చెయ్యి గుర్తొచ్చింది, మంచం పట్టె. తరవాత సర్పోమా బాఫో వైపు తిరిగి చెప్పవలసింది చెప్పింది. బాఫో దాన్ని అందుకున్నాడు. చాలాసేపు అందించాడు. ఈ ఇంటి దీపం అన్నాడు, పోకువా అమ్మకు దేవుడిచ్చిన కూతురు అన్నాడు, మెత్తటి చేతులు, చల్లటి చేతులు అన్నాడు, ఈ ఇల్లూ ఈ షెడ్డూ ఆమె పాదాల కింద ఎప్పటిలా ఉంటాయన్నాడు, ఆమె ఒంటి మీద ఉన్న గుడ్డే ఆమె మనసు చెబుతోంది అన్నాడు. ఆ మాట దగ్గర గుడ్డ వైపు చూసి, కాస్త తడబడి, త్వరగా ముగించాడు. అందరూ ఆమె వైపు తిరిగారు.

ఆమె సిద్ధం చేసుకున్నది వేరే. ముందు కృతజ్ఞతలు, తరవాత పోకువా అంటే తనకున్న ప్రేమ, తరవాత మోకాలు, తరవాత అసొనొమసోలో గది. వరసగా పెట్టుకుంది, ఎక్కడా తలకిందులు కాకుండా. బాఫో చెవి ఆమె వైపు వంచాడు. నోరు తెరిస్తే అవేమీ లేవు.

"నేను అలిసిపోయాను," అంది.

బాఫో తక్కినది వస్తుందని చెవి అలాగే ఉంచాడు. రాలేదు. "ఊఁ, తరవాత?" అన్నాడు మెల్లగా.

"అంతే అన్నా."

"అంతేనా? ఏదన్నా చెప్పమ్మా, కలుపుతాను."

"కలపకు. ఆదివారానికి ఇంటి తాళాలు ఇస్తాను. అలిసిపోయాను, అదే చెప్పు."

బాఫో నిటారుగా నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. చేతిలో కర్ర ఇటు నుంచి అటు మార్చుకున్నాడు. ఇంటిపెద్ద వైపు చూశాడు, ఖాళీ కుర్చీల వైపు చూశాడు, ఎక్కడైనా ఒక పూవు దొరుకుతుందేమో అన్నట్టు ఆకాశం వైపు చూశాడు. పక్క షెడ్డులో రోకళ్ళు ఆగిపోయి ఉన్నాయి.

"పెద్దలారా," అన్నాడు. "బిరాగో అలిసిపోయిందట."

తన మాట ఇంకొకరి నోట, ఇంత గట్టిగా, ఇంతమంది మధ్యలో వినడం ఆమెకు అదే మొదటిసారి. అది ఎవరి గురించో చెప్పినట్టు విన్నది, ఆ ఎవరి మీదో జాలి వేసింది, వెళ్ళి మేనమామ పక్క కుర్చీలో కూర్చుంది. ఆయన ఆమె వైపు చూడకుండా, "దుంపలు బయట పెట్టించాను," అన్నాడు.

"అయితే పోకువా సంగతి?" ఇంటిపెద్ద అడిగాడు. "చూస్తుందా, చూడదా?"

"అదే చెప్పింది పెద్దయ్యా," అన్నాడు బాఫో.

 మగవాళ్ళు చెప్పుల వైపు చూసుకున్నారు. సర్పోమా లేచింది. లేచేటప్పుడు ఒక చెయ్యి నడుం మీదికి పోయింది, రెండోది కుర్చీ వీపును పట్టుకుంది. బాఫోను దాటి, మర్యాద దాటి, నేరుగా బిరాగో ముందుకు వచ్చి నిలబడింది. కోపంతో ముఖం నల్లబడింది.

"నేను అలిసిపోలేదనుకున్నావా?" అంది. "నాలుగు నెలలు. నేను మనిషిని కాదా?"

"నాకు చెబితే ఏం లాభం వదినా," అంది బిరాగో. "నాకు తెలిసిందే కదా. ఆయనకు చెప్పు. ఆయన వాళ్ళకు చెబుతాడు."

సర్పోమా అలాగే నిలబడింది.  టోపీ తీసి చేత్తో పట్టుకుంది, ఏం చేస్తున్నదో తెలియనట్టు. తరవాత నెమ్మదిగా, నడుం తిరగక ఒళ్ళంతా ఒకేసారి తిప్పుకుంటూ, బాఫో వైపు తిరిగింది. బాఫో మగవాళ్ళ వరస వైపు ఒకసారి చూసి, చెవి వంచాడు.